అల్లుడికి నేర్పిన సంచి కుట్టు

"దిగిపొమ్మని సెప్పవే. రేపే దిగిపొమ్మను."

"దిగనని సెప్పు మీయమ్మకి. ఎన్నిసార్లు సెప్పాల?"

"తుపాకులు అట్టుకుని ఎదురుగా నిలబడినోళ్ళ మీదకి ఎల్లేవోడిని ఏటంటారో అడుగు."

"ఆపుతారు, ఎనక్కి పంపుతారు, అంతే. సంపరని సెప్పు."

"సంపం అని కాయితం రాసిచ్చారేటి? ఉంటే సూపించమను."

మధ్యలో ఫోను పట్టుకుని నా కూతురు నిలబడింది. నా మాటలు అల్లుడికీ, అతని మాటలు నాకూ శుభ్రంగా వినపడుతూనే ఉన్నాయి. అయినా పాపం అటు మాట ఇటూ ఇటు మాట అటూ మోసింది. "కాయితం సూపించమంటంది అమ్మ" అంది. "ఇనబడింది" అన్నాడు అల్లుడు. "కాయితం లేదంట" అంది నాతో. "నాకూ ఇనబడింది" అన్నాను గోడకేసి చూస్తూ.

మా ఇళ్ళలో అత్త అల్లుడితో ఎదురుగా మాట్లాడదు. మా అమ్మ మా ఆయనతో మాట్లాడలేదు. వాళ్ళమ్మ మా నాన్నతో మాట్లాడలేదు. శ్రీకాకుళం వైపు నుంచి బర్మాలోని రంగం రేవుకి మూటలు మొయ్యడానికి వచ్చినవాళ్ళు వెంట తెచ్చుకున్నవి ఇక్కడ చాలా పోయాయి. పండగలు కొన్ని పోయాయి. భాష సగం పోయింది. ఈ పద్ధతి మాత్రం నిలిచింది, దీనికి ఖర్చు లేదు కనక.

అల్లుడు ఇంట్లో ఉన్నప్పుడు నేను వంటగదిలోంచి బయటికి రాను. అన్నానికి పిలవాలంటే "కూర సల్లారిపోతంది" అని పిల్లికి చెబుతాను. పిల్లి లేకపోతే కుండకి చెబుతాను. పద్దెనిమిదేళ్ళుగా అతను ఆ మాట విని లేచి వచ్చి తింటున్నాడు. ఫోనులో మొహాలు కనబడే రోజులొచ్చాక కూడా నేను మారలేదు. ఫోను వెనక కూర్చుంటాను. అతనికి పెళ్ళాం మొహం, ఆ వెనక గోడ మీది కేలండరు మాత్రమే కనబడతాయి.

అతను ఓడలో ఫిట్టరు. ఇంజను గదిలో పైపులూ పంపులూ బాగుచేయడం, వెల్డింగు చేయడం అతని పని. మనిషి సంగతి కూడా చెప్పాలి. ఓడ దిగి ఇంటికొచ్చేవాళ్ళు సెంటు సీసాలు తెస్తారు, చాక్లెట్లు తెస్తారు. మా అల్లుడు ఒకసారి తుప్పు పట్టని ఇనుముతో చేసిన పటకారు తెచ్చాడు. "కొన్లేదు, పారేసిన ముక్కలతో సేసేను" అని కేలండరుతో అన్నాడు. నేను పటకారు రెండు వైపులా తిప్పి చూసి, బాగుందని పిల్లికి చెప్పాను. తాడు ముక్క కూడా పారెయ్యని మనిషి. రంగంలోని సంచౌంగ్‌లో మా మూడో అంతస్తుకి నీళ్ళు ఎక్కించే పంపు అతను పాత ఓడ సామానుతో కట్టిందే. వీధి వీధంతా పంపులు మార్చుకుంది గాని, మాది ఇంకా నడుస్తోంది.

అలాంటి మనిషి ఇప్పుడు మొండికేశాడు.

వాళ్ళది పాత సరుకు ఓడ. ఈ ఏడాది దేశదేశాల సేవాసంఘాలవాళ్ళు కొందరు కలిసి దాన్ని కిరాయికి తీసుకున్నారు. ఎక్కడో యుద్ధం జరుగుతున్న ఒక తీరానికి బియ్యం, పప్పు, మందులు పట్టుకెళ్తామన్నారు. ఆ తీరం పొడుగునా ఒక దేశం తన యుద్ధనౌకల్ని నిలబెట్టి దారి మూసేసింది. ఏ ఓడా లోపలికి పోకూడదు. అంతకుముందు వెళ్ళిన ఓడల్ని నడిసముద్రంలో ఆపి, మనుషుల్ని పట్టుకుపోయారని మేం కూడా వార్తల్లో చూశాం.

ఇక దేశాల తగువు సంగతి. ప్రతి ఓడకీ ఏదో ఒక దేశం జెండా ఉండాలట. వీళ్ళకి జెండా ఇచ్చిన దేశాన్ని పెద్ద దేశాలు కోప్పడితే అది జెండా వెనక్కి తీసేసుకుంది. ఇంకో దేశం ఇచ్చింది. ఆ దేశం రాయబారిని పిలిచి మళ్ళీ కోప్పడ్డారు. ఓడ నిలబడిన రేవు మూడో దేశానిది. వాళ్ళు పొద్దున్న వెళ్ళమంటారు, సాయంత్రానికి ఆగమంటారు. ఇదంతా నా కూతురు ఫోనులో బర్మా భాషలో చదివి నాకు మన భాషలో చెప్పేది. నేను చదివింది మూడో తరగతి. అయినా, వీధిలో రెండు పెద్ద ఇళ్ళు కొట్టుకుంటే చిన్న ఇళ్ళవాళ్ళు తలుపులు ఎలా వేసుకుంటారో నాకు తెలుసు. దేశాలు దానికంటే గొప్పగా ఏమీ చెయ్యడం లేదు.

ఇష్టం లేనివాళ్ళు దిగిపోవచ్చనీ, తిరుగు టిక్కెట్టు ఇస్తామనీ ఇక్కడి ఏజెంటు ఆఫీసు వాళ్ళు కబురు పెట్టారు. బర్మా నుంచి ఆ ఓడలో ఉన్న నలుగురిలో ముగ్గురు దిగిపోయారు. మా అల్లుడు దిగలేదు. అదీ మా తగువు.

"పెళ్ళాం ఉందని గుర్తుందో లేదో అడుగు" అన్నాను.

"తుఫాను గుర్తుందో లేదో మీయమ్మని అడుగు" అన్నాడు.

వాళ్ళ పెళ్ళయిన ఆరు నెలలకి వచ్చింది ఆ తుఫాను. అప్పుడు మేం ఏటికి అవతల తన్లిన్‌లో ఉండేవాళ్ళం. మా కప్పు ఎగిరిపోయింది గాని మనుషులం మిగిలాం. కింద, నది సముద్రంలో కలిసే వైపు, ఊళ్ళకి ఊళ్ళే కొట్టుకుపోయాయి. అల్లుడి అక్కని ఆ వైపే ఇచ్చారు. మూడు వారాలు ఏ కబురూ లేదు. బయటి దేశాల ఓడలు బియ్యంతో, నీళ్ళతో వచ్చి సముద్రంలో నిలబడి ఉన్నాయనీ, లోపలికి రావడం లేదనీ రేడియోలో చెప్పారు. నేను వాకిట్లో నిలబడి ఆ ఓడల్లోవాళ్ళని వీధంతా వినేలా తిట్టాను. "పిరికి ఎదవలు, ఇంత దూరమొచ్చి తొంగి సూస్తన్నారు" అన్నాను. వాళ్ళని రానివ్వలేదన్న సంగతి నాకు తర్వాత తెలిసింది. తెలిశాక కూడా నా తిట్టు నేను వెనక్కి తీసుకోలేదు. అల్లుడి అక్క దొరకలేదు.

"ఇప్పుడు నన్ను కూడా ఆ పిరికి ఎదవల్లో కలిసిపొమ్మంటందా మీయమ్మ?" అన్నాడు అల్లుడు.

ఆ మాట నా కూతురు నాకు మోసుకురాలేదు. ఫోను పెట్టేసింది.

నాలుగు రోజులు గడిచాయి. నా కూతురు మింగళాడోన్‌లో బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఒక వరస మిషన్లన్నిటికీ అదే పెద్ద. ఆ సాయంత్రం అది బస్సు దిగి, మెట్లెక్కి, చెప్పులు విప్పుతుండగానే ఫోను మోగింది. అక్కడ ఇంకా మధ్యాహ్నమే.

దేశాలు రాజీకొచ్చాయన్నాడు అల్లుడు. రాజీ ఏమిటంటే, సరుకంతా విప్పి చూడాలి, ఆయుధాలు లేవని తేలితే ఓడని వదలాలి. అధికారులు వచ్చి సంచులన్నిటి మూతులూ కత్తులతో కోసేశారు. ఇనప చువ్వలు గుచ్చి కెలికారు. బియ్యంలో బియ్యమే ఉంది, పప్పులో పప్పే ఉంది. సంతకాలు పెట్టి వెళ్ళిపోతూ ఒక మాట అన్నారట. మూతి విప్పిన సరుకుతో ఓడ రేవు దాటకూడదు, మర్నాడు తెల్లారి మళ్ళీ వచ్చి చూస్తాం, అప్పటికి అన్ని సంచులూ కుట్టి ఉంటే వెళ్ళొచ్చు, ఒక్కటి విప్పి ఉన్నా ఇచ్చిన అనుమతి పోయినట్టే. రేవు కూలీలని ఆ ఓడ ఎక్కనివ్వడం లేదు. సంచులు కుట్టే మిషను అద్దెకిచ్చేవాడు లేడు.

"ఎన్ని సంచులంట?" అని గోడని అడిగాను.

"ఆరొందల పైమాటే" అన్నాడు, కూతురు నోరు విప్పేలోపే. "ఓడలో డాక్టర్లున్నారు, పంతుళ్ళున్నారు, వంటోడున్నాడు. సంచి మూతి కుట్టడం తెలిసినోడు ఒక్కడు లేడు. సొక్కా కుట్టినట్టు కుడతన్నారు, పైకెత్తితే ఇడిపోతంది. మీయమ్మ మిల్లులో కుట్టింది గదా, ఎలగో కాస్త అడుగు."

కుట్టాను. పన్నెండో ఏట తన్లిన్ వైపు బియ్యం మిల్లులో చేరి, అది మూతబడే దాకా సంచుల మూతులే కుట్టాను. నేను కుట్టిన సంచి మా నాన్న వీపు మీద రేవుకి వెళ్ళిన రోజులున్నాయి.

నా కూతురు ఫోను కొంగులో చుట్టేసింది. నా పక్కన కూర్చుని చెవిలో చెప్పింది.

"అమ్మా, మర్సిపోయేనని సెప్పు."

"ఏటే?"

"కుట్టకపోతే ఓడ కదల్దు. కదలకపోతే కిరాయి రద్దు. వారంలో మనిషి ఇంటికొస్తాడు. దిగిపొమ్మని నువ్వే గదా అరిసేవు?"

నిజమే. నేను అరిచింది దానికోసమే. అరవకుండానే అది నా చేతికొచ్చింది. నా కూతురు నా మోచెయ్యి పట్టుకుని వదల్లేదు. దాన్ని నేను పెళ్ళికి ముందు కొట్టాను, తర్వాత తిట్టాను, కాని ఏడిపించి వదిలెయ్యడం నాకు చేతకాదు.

"మర్సిపోయేనని సెప్పు" అన్నాను గట్టిగా.

నా కూతురు కొంగులోంచి ఫోను బయటికి తీసింది. "సరేలే. ఎన్నేళ్ళ కిందటి పనో. పెద్దమనిసిని ఇబ్బంది పెట్టకు" అన్నాడు. కోపం లేదు. తర్వాత, సరుకు గది ఎలా ఉందో చూపిస్తానని ఫోను అటు తిప్పాడు. ఎలాగూ అతనికి నేను కనబడను గదా అని నేను కూడా ముందుకి వంగి చూశాను.

కోసేసిన సంచులు నోళ్ళు తెరుచుకుని పడి ఉన్నాయి. బియ్యం నేల మీద గుట్టలుగా కారిపోయింది. ఎర్ర చొక్కా వేసుకున్న పెద్దాయన ఒకడు బూట్లతో ఆ బియ్యం మీంచే అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఒరే! కాలు తియ్యరా! బియ్యం తొక్కుతున్నాడు సూడు ఆ ఎర్ర సొక్కావోడు! నువ్వేటి సూస్తా నిలబడ్డావు? నెట్టు ఆణ్ణి పక్కకి!"

అక్కడ అంతా ఆగిపోయింది. ఇక్కడా ఆగిపోయింది. పిల్లి లేచి మంచం కిందకి పోయింది.

"అత్తా?" అన్నాడు అల్లుడు.

"అత్తా లేదు, గిత్తా లేదు. దుప్పటి పరిసి, సేత్తో ఎత్తు. సీపురెడితే మట్టి కలుస్తాది. తినే గింజ అది."

నా కూతురు నేల మీద చతికిలబడింది. "అయిపోయింది" అంది. తల పట్టుకుంది. కాసేపటికి దాని భుజాలు కదిలాయి. ఏడుస్తోందో నవ్వుతోందో నేను చూడలేదు. చూసే తీరిక లేదు.

మూతి కుట్టే సూది ఉందా అని అడిగాను. ఉన్నవి రెండే, సన్నవి అన్నాడు. సన్నవి పనికిరావు, దబ్బనం కావాలి అన్నాను.

"ఎలాగుండాలో సెప్పు, సేసేస్తాను" అన్నాడు.

"జానెడు పొడుగు. మొన దగ్గర కాస్త పైకి వంపు, పడవ ముక్కులాగ. కన్ను ఎడల్పుగా ఉండాల, పురికొస దూరాల."

వెల్డింగు చువ్వలు కోసి, కొట్టి, ఆకురాయితో అరగదీసి, గంటలో పన్నెండు దబ్బనాలు చేసి తెచ్చాడు. నా దబ్బనం నా దగ్గరే ఉంది, దోమతెరలు అతకడానికి వాడతాను. దాన్ని ఫోనులో కనబడుతున్నదాని పక్కన పెట్టి చూస్తే అతనిదే సుళువుగా ఉన్నట్టు కనబడింది. ఆ మాట అతనితో అనలేదు.

కుట్టి చూపించడానికి నాకు గోనె కావాలి. బాల్కనీలోంచి తాడు దించి, కింద టీకొట్టు ఆవిణ్ణి పంచదార గోనె ఒకటి తగిలించమన్నాను. "ఎందుకు అమే?" అంది బర్మా మాటలో. ఆవిడ నన్ను అమ్మా అనే పిలుస్తుంది. "ఓడ కోసం" అన్నాను. ఆవిడ గోనె తాడుకి కట్టి పంపింది.

నేను మళ్ళీ అలవాటు కొద్దీ కూతురికే చెప్పబోయాను. "మూతి రెండు మడతలు పెట్టమను."

"ఒక్క మడత సాలు" అంది అది, కళ్ళు తుడుచుకుంటూ. "మా ఫ్యాక్టరీలో..."

"మీ ఫ్యాక్టరీ సొక్కాలు ఎవుడూ నెత్తి మీద మొయ్యడు. ఇలా తే."

ఫోను దాని చేతిలోంచి లాక్కుని, పచ్చడి జాడీకి ఆనించి, నా ఎదుట పెట్టుకున్నాను. అల్లుడి మొహం అంత దగ్గరగా చూడడం అదే మొదలు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. ఎప్పుడు నెరిసిందో నాకు తెలీదు.

"మూతి రెండు మడతలు. మూల దగ్గర గుప్పెడు గింజలు పైకి తోసి, మెడ పిసికి, మూడు సుట్లు సుట్టు. లాగి బిగించు. అది సెవి. అక్కణ్ణుంచి బొటనేలంత దూరానికో కుట్టు. నాలుగు కుట్లకోసారి ఎనక్కొచ్చి పడాల. ఆ సివర మళ్ళీ సెవి."

"సెవులెందుకు అత్తా? టైము లేదు. మూతి కడితే సాలదా?"

"నువ్వెల్లే సోట సరుకు దించే క్రేను ఉందా?"

"లేదు. సిన్న పడవల్లోకి మనుసులే దించుకోవాల."

"మరి దేన్ని అట్టుకుంటారు? సెవి లేని సంచి లాగితే మోసినోడి గోళ్ళు ఊడతాయి. మా నాన్నకి రెండు లేవు."

అతను వెంటనే గుప్పెడు గింజలు పైకి తోశాడు. చెవి చుట్టాడు. అయితే వాళ్ళ దగ్గరున్నది నార పురికొస కాదు, ఓడ తాడు విప్పి తీసిన నైలాను పోగు. నా ముడి అందులో నిలవలేదు, జారిపోయింది. రెండుసార్లు చెప్పాను, రెండుసార్లూ జారింది. నాకు తెలిసిన ముడి పనికిరాకపోవడం నాకు నచ్చలేదు.

"కొస కాలిస్తే గట్టిపడుద్ది అత్తా" అన్నాడు. లైటరు తీసి కాల్చి చూపించాడు. పోగు కొస గింజలా గట్టిపడింది. ముడి నిలిచింది.

"ఊఁ" అన్నాను.

ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారు. పది మంది, పదిహేను మంది వరసగా కూర్చున్నారు. అల్లుడు ఫోను పట్టుకుని ఒక్కొక్క సంచీ నాకు చూపిస్తూ తిరిగాడు. మిల్లులో మేస్త్రీ తిరిగినట్టు నేను చూశాను. ఎవరి కుట్టు ఎలా ఉందో చెప్పాను.

"ఆ ఎర్ర సొక్కావోడిది ఇప్పి మళ్ళీ కుట్టమను. కుట్లు కోడి గీకినట్టున్నాయి."

అల్లుడు వాళ్ళ మాటలో చెప్పాడు. ఆ పెద్దాయన నవ్వి, రెండు చేతులూ జోడించి నాకు దణ్ణం పెట్టి విప్పడం మొదలుపెట్టాడు.

"ఎవులాయన?"

"గుండె డాక్టరు అత్తా. పెద్దోడు. గుండె కోసి మళ్ళీ కుడతాడు."

"దేవుడా. అదెలా కుడతన్నాడో."

అల్లుడు నవ్వాడు. పద్దెనిమిదేళ్ళలో అతని నవ్వు నేను గోడ అవతల నుంచి విన్నాను గాని, పళ్ళు చూడలేదు. ఒక పన్ను లేదు.

"ఆ పన్నేటి?"

"ఊడిపోయింది. రెండేళ్ళయింది."

"ఈ గుంట నాకు సెప్పలేదు."

"నువ్వడగలేదు" అంది నా కూతురు పక్కనుంచి.

అప్పటికి కరెంటు పోయింది. వీధిలో జనరేటర్లు మొదలయ్యాయి. ఫోనులో ఛార్జి కొద్దిగానే ఉంది. అల్లుడు ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని, "అత్తా" అన్నాడు. ఏదో చెప్పబోతున్నాడని అర్థమైంది. అతను చెప్తే నేను కూడా ఏదో ఒకటి చెప్పాల్సొస్తుంది.

"సంచులయ్యేక సేతులు కడుక్కుని అన్నం తిను. నైలాను పోగు సేతులు కోస్తాది, నూనె రాసుకో. ఇదిగో, నీ పెళ్ళాం."

ఫోను కూతురికిచ్చి వంటగదిలోకి పోయాను. అది బాల్కనీలోకి వెళ్ళి ఛార్జి అయిపోయే దాకా మాట్లాడింది. లోపలికొచ్చాక గుమ్మం దగ్గర నిలబడి నన్ను అడిగింది.

"ఎందుకు నేర్పేవు?"

"బియ్యం తొక్కుతుంటే సూళ్ళేకపోయేను."

"అంతేనా?"

"అంతే."

కొవ్వొత్తి వెలుగులో ఇద్దరం తిన్నాం. అది నా కంచంలో చేప ముక్క వేసింది. నడిమి ముక్క.

మర్నాడు పొద్దున్న అది ఫ్యాక్టరీకి ఒక పూట సెలవు పెట్టింది. టీకొట్టు నుంచి మొహింగా, అదే చేపల పులుసులో సేమ్యా, తెచ్చుకుని తిన్నాం. అది రెండు చెంచాలు తిని పక్కన పెట్టేసింది, మిగిలింది నేను తిన్నాను. పన్నెండు కావస్తుండగా ఫోనులో కబురు వచ్చింది. అది పైకి చదివింది. అధికారులు తెల్లారి వచ్చారు. సంచులు చూశారు, చెవులు పట్టుకుని కొన్నిటిని ఎత్తి చూశారు, కాయితం మీద సంతకం పెట్టారు. ఓడ రేవు దాటింది. ఇంక రెండు రోజులు ఫోను అందదు, భయపడకండి అని రాశాడు. "మీరిద్దరూ" అని నన్ను కూడా కలిపి రాశాడు.

నా కూతురు ఆ మాట ఇంకోసారి చదివింది. తర్వాత జడ వేసుకుని, అన్నం డబ్బా పట్టుకుని, ఒంటిగంట బస్సుకి మింగళాడోన్ వెళ్ళిపోయింది.